దెయ్యాల వేటకి కే2 మీటర్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

ఈ సైట్‌లో ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూ చేసే నేను వారాంతాల్లో ఏం చేస్తుంటానో తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: "కే2 మీటర్ తీసుకుందామనుకుంటున్నా బ్రో, ఏ మోడల్ బెటర్?" నా జవాబు కూడా ఒక్కటే. ఏదీ వద్దు. ఆ డబ్బుతో ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం, ఒక నాణ్యమైన మల్టీమీటర్, తలకి పెట్టుకునే టార్చ్ ఒకటి తీసుకోండి. దెయ్యాల వేటకి వెళ్లేవాడికి ఇదేం సలహా అనిపిస్తుంది కదా. ఎందుకో చెప్తాను.

నాలుగేళ్ల కిందట ఐదుగురం కలిసి హైదరాబాద్‌లో చిన్న పారానార్మల్ ఇన్వెస్టిగేషన్ గ్రూప్ మొదలుపెట్టాం. పెద్ద సంస్థేం కాదు. ఒక వాట్సాప్ గ్రూపు, ఒక బ్యాగు, ఒకరి కారు. మాలో ఒకడు ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి అపార్ట్‌మెంట్లకి వైరింగ్ పనులు చూసుకుంటాడు. ఒకమ్మాయి సౌండ్ ఎడిటర్. ఇంకొకామె నర్స్. నాలుగోవాడికి టెక్నికల్‌గా ఏమీ రాదు, కానీ ఏ ఇంటికెళ్లినా పది నిమిషాల్లో ఆ ఇంటి అమ్మమ్మ పక్కన కూర్చుని టీ తాగుతుంటాడు. ఐదోవాణ్ని నేను, గ్యాడ్జెట్ల పిచ్చోణ్ని. అందరం ‘ఘోస్ట్ హంటర్స్’ అనే అమెరికన్ టీవీ షో క్లిప్పులు చూసినవాళ్లమే. 2004లో మొదలైన ఆ షోని నడిపిన ఇద్దరూ పగలు ప్లంబర్లు. అప్పట్లో ఆ సంగతి సరదాగా అనిపించేది. ఇప్పుడు ఆ షో మొత్తంలో పనికొచ్చే విషయం అదే అనిపిస్తోంది.

దెయ్యం కనిపించిందా? లేదు. లేదని రుజువైందా? అదీ కాదు. నా బ్యాగులో ఉన్న ఏ గ్యాడ్జెట్టూ ఆ ప్రశ్నకి జవాబు చెప్పదు. ఒక్కో సెన్సార్ ఒక్కో దాన్ని కొలుస్తుంది, అంతే. ఇప్పుడు ఆ బ్యాగులో ఏముంటుందో, ఏది ఎందుకు తీసేశామో చూద్దాం.

ఐదు లైట్ల మీటర్

కే2 దెయ్యాల కోసం తయారైంది కాదు. ఇంట్లో వైర్లు, ఫ్రిజ్, టీవీ లాంటివాటి చుట్టూ అయస్కాంత క్షేత్రం ఎక్కువగా ఉందో లేదో చూసుకోవడానికి చేసిన సాదాసీదా ఈఎంఎఫ్ మీటర్. అంకెలు చూపించదు, ఐదు ఎల్‌ఈడీలు మాత్రమే. 1.5 మిల్లీగాస్ దాటితే రెండో లైటు, 2.5 దాటితే మూడోది, 10 దాటితే నాలుగోది, 20 దాటితే ఎర్రది. సింగిల్ యాక్సిస్ మీటర్ కాబట్టి ఒక దిశలో ఉన్న క్షేత్రాన్నే పట్టుకుంటుంది. ఉన్నచోటే ఉండి మణికట్టు కొంచెం తిప్పినా రీడింగ్ మారిపోతుంది. చీకట్లో, చేత్తో పట్టుకుని, నడుస్తూ వాడే పరికరానికి ఇంతకంటే పెద్ద లోపం ఏముంటుంది?

దానికి తోడు జేబులో ఫోన్. పాతరోజుల్లో కాల్ వచ్చేముందు కంప్యూటర్ స్పీకర్లు "టక టకటక" అని అరిచేవి, గుర్తుందా? 2జీ రేడియో సెకనుకి 217 సార్లు ఆన్, ఆఫ్ అవడం వల్ల వచ్చే చప్పుడు అది. పక్కనున్న ఫోన్ ఇలాంటి మీటర్‌ని కూడా వెలిగిస్తుంది. "నువ్వు ఇక్కడే ఉంటే లైటు వెలిగించు" అని చీకట్లో ఎవరో అడగడం, మీటర్ టప్పున వెలగడం, మీరూ వంద వీడియోల్లో చూసుంటారు. ఫోన్ ఎవరి జేబులో ఉందో మాత్రం ఏ వీడియోలోనూ చూపించరు.

మరి మన ఫోన్లోనే మ్యాగ్నెటోమీటర్ ఉంది కదా, యాప్ వేసుకుంటే సరిపోదా అంటారు. అది దిక్సూచి కోసం పెట్టిన సెన్సార్. భూమి అయస్కాంత క్షేత్రం చోటునిబట్టి 25 నుంచి 65 మైక్రోటెస్లాలు ఉంటుంది, దాన్ని చదవడం దాని పని. మన ఇళ్లలో కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. అంత వేగంగా ఊగేదాన్ని సరిగ్గా పట్టాలంటే సెకనుకి వందకంటే ఎక్కువ శాంపిల్స్ కావాలి. చాలా ఫోన్లలో ఈ సెన్సార్ సరిగ్గా ఆ వంద దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి వైరింగ్ సంగతి దానికి సరిగా తెలియదు. తెలిసేది ఇనప బీరువా, స్లాబులో కడ్డీలు, స్పీకర్లో అయస్కాంతం, ఇంకా మీ ఫోన్ కవర్‌కున్న అయస్కాంతం. ‘ఘోస్ట్ రాడార్’ అని వచ్చే యాప్‌లలో చుక్కలు కదిలేది ఎక్కువగా వీటివల్లే. కొన్నయితే సెన్సార్‌ని ముట్టుకోను కూడా ముట్టుకోవు, ఊరికే పదాలు చల్లుతాయి.

అదే ఫోన్లో ‘ఫైఫాక్స్’ వేసుకోండి. జర్మనీలోని ఆకెన్ యూనివర్సిటీ వాళ్లు ఫిజిక్స్ ప్రయోగాల కోసం చేసిన ఉచిత యాప్. సెన్సార్ ఏం చెబుతోందో అదే చూపిస్తుంది, ఫైల్‌గా దాచుకోనిస్తుంది. డ్రాయర్లో పడున్న పాత ఫోన్‌ని నేల మీద పెట్టి, ఛార్జర్ తగిలించి, యాక్సిలరోమీటర్ లాగింగ్ ఆన్ చేసి పడుకోండి. పొద్దున గ్రాఫ్‌లో రాత్రి వెళ్లిన లారీలు, కింద ఆన్ అయిన బోరు మోటారు కనిపిస్తాయి. ఇక తలుపు దానంతటదే తెరుచుకుంటోందని ఎవరైనా పిలిస్తే మేం మొదట తీసేది ఫోన్లో ఉండే లెవెల్ టూలే. గుమ్మం ఒక్క డిగ్రీ వాలినా తలుపు మెల్లగా కదులుతుంది. కొత్తగా రంగులేసి, కీళ్లకి నూనె పెట్టిన ఇళ్లలో ఇది ఇంకా ఎక్కువ.

కెమెరా, మైకు: రెండూ తెలివైనవే, అదే సమస్య

ఓర్బ్స్ గురించి ఎక్కువ చెప్పను. ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది, ముందున్న దుమ్ము కణం వెలుగుని నేరుగా లెన్స్‌లోకి తిప్పికొడుతుంది, ఫోకస్‌లో లేదు కాబట్టి గుండ్రంగా కనిపిస్తుంది. నమ్మకపోతే గదిలో దిండుని నాలుగు దెబ్బలు కొట్టి ఫ్లాష్‌తో ఫోటో తీయండి. సీసీ కెమెరాలో రాత్రిపూట తెల్లగా ఎగిరే ఆకారాలు కూడా అంతే. ఇన్‌ఫ్రారెడ్ లైటు ముందు ఎగిరిన పురుగో, లెన్స్ మీద సాలెపురుగు అల్లిన దారమో.

నన్ను ఎక్కువ భయపెట్టేది నైట్ మోడ్. ఇప్పటి ఫోన్ చీకట్లో తీసేది ఒక ఫోటో కాదు, చాలా ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక్కటి చేస్తుంది. మధ్యలో మనిషి కదిలితే సగం కనిపించీ సగం కనిపించకుండా, వెనకున్న గోడ మనిషిలోంచి కనిపిస్తుంది. ఫోటోగ్రఫీలో దాని పేరే ‘ఘోస్టింగ్’. దాని మీద ఏఐ. 2023లో ఒక రెడిట్ యూజర్ కావాలనే బ్లర్ చేసిన చంద్రుడి ఫోటోని స్క్రీన్ మీద పెట్టి శాంసంగ్ ఫోన్‌తో తీస్తే, అందులో లేని వివరాలన్నీ వచ్చేశాయని పెద్ద గొడవైంది. చంద్రుడికి గుంతలు అద్దగల కెమెరా, మసకచీకట్లో కర్టెన్ మడతకి ముఖం అద్దదని నేనైతే హామీ ఇవ్వలేను. మా గ్రూపులో రూలు: ట్రైపాడ్, మాన్యువల్ మోడ్, రా ఫైల్. లేకపోతే ఆ ఫోటో గురించి చర్చే లేదు.

శబ్దం దగ్గరికొస్తే ఇంకా తమాషా. నిశ్శబ్దంగా ఉన్న గదిలో రికార్డర్ ఆన్ చేసి, తర్వాత వింటే మాటలు వినపడతాయని 1959లో స్వీడన్‌లో ఫ్రీడ్రిష్ యూర్గెన్సన్ అనే ఆయన పక్షుల కూతలు రికార్డు చేస్తూ మొదలుపెట్టిన పని ఇది. ఈవీపీ అంటారు. ఫోన్లో మామూలు వాయిస్ రికార్డర్‌కి ఒక అలవాటు ఉంది. గది నిశ్శబ్దంగా ఉంటే గెయిన్ దానంతటదే పెంచుకుంటుంది. పక్కింటి టీవీ, కింద వీధిలో ఆటో, అన్నీ పైకి తేలతాయి. ఆ తర్వాత నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్ వస్తుంది. మనిషి గొంతులా ఉన్నదాన్ని ఉంచు, మిగతాది తీసెయ్ అని దానికి నేర్పించారు. మిగిలినదాంట్లో మనిషి గొంతు వినపడటంలో ఆశ్చర్యమేముంది?

మా సౌండ్ ఎడిటర్ పెట్టిన పద్ధతి నాకు చాలా ఇష్టం. వేవ్ ఫార్మాట్‌లో, ఆటో గెయిన్ ఆపేసి రికార్డింగ్. లోపల ఎవరు దగ్గినా, కాలు కదిపినా, కడుపు గుడగుడలాడినా వెంటనే "నేనే" అని గట్టిగా చెప్పాలి. (ఇది మొదట్లో సిగ్గుగా ఉంటుంది, అలవాటైపోతుంది.) అనుమానంగా ఉన్న ముక్కని కత్తిరించి, ఆ ఇల్లు గురించి ఏమీ తెలియని నలుగురికి విడివిడిగా పంపుతుంది. ఏం వినపడిందో రాయమంటుంది, అంతకుమించి ఒక్క ముక్క చెప్పదు. ఒక పాత ఇంట్లో దొరికిన రెండు సెకన్ల ముక్కకి వచ్చిన జవాబులు: "రావొద్దు", "వాటర్ బాటిల్", "కుక్క", నాలుగోది హిందీలో ఒక పేరు. ఇంటాయనకి మాత్రం చచ్చిపోయిన వాళ్ల నాన్న గొంతు. ఆయన దగ్గర ఈ నాలుగు జవాబులూ ఎలా చెప్పాలన్నది టెక్నికల్ ప్రశ్న కాదు. అందుకే మాకు ఆ టీ తాగే స్నేహితుడు అవసరం.

‘స్పిరిట్ బాక్స్’ అని అమ్మేది ఆగకుండా స్టేషన్లు తిప్పుతూ పోయే రేడియో. హైదరాబాద్‌లో దాన్ని ఆన్ చేస్తే 91.1, 93.5, 98.3 మీదుగా వెళ్తూ "రా", "అమ్మ", "ఆఫర్" అంటుంది. మూడోదాన్ని ఎవరూ వీడియోలో ఉంచరు. ఎస్‌ఎల్‌ఎస్ కెమెరా అనేది 2010లో మైక్రోసాఫ్ట్ గేమింగ్ కోసం తెచ్చిన కినెక్ట్. ముందున్నది మనిషే అనుకుని కీళ్లు వెతకడం దాని డ్యూటీ, కుర్చీ మీద వేసిన తువ్వాలులోనూ ఒక్కోసారి పుల్లల మనిషిని చూపిస్తుంది. ఇక టెంపరేచర్ గన్, కోవిడ్ పుణ్యమా అని ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. అది గాలి వేడిని కొలవదు, ఎదురుగా ఉన్న వస్తువు పైపొర వేడిని కొలుస్తుంది. నిగనిగలాడే స్టీలు బిందె మీద పెడితే అదీ సరిగ్గా చెప్పదు. కాబట్టి గది మధ్యలో ‘కోల్డ్ స్పాట్’ పట్టుకున్నామన్నవాళ్లు నిజంగా పట్టుకున్నది అవతలి గోడని.

ఇన్ని చెప్పాక "అయితే ఈ కరెంటు క్షేత్రాలే మనకి భయం పుట్టిస్తాయేమో" అనే తెలివైన ప్రశ్న వస్తుంది. మంచి ప్రశ్నే. ఇంగ్లండ్‌లో విక్ టాండీ అనే ఇంజినీరు తన ల్యాబులో కొత్తగా బిగించిన ఫ్యాన్ వల్ల 19 హెర్ట్జ్ దగ్గర, చెవికి అందని ప్రకంపనలు వస్తున్నాయనీ, అక్కడ కలిగిన భయానికీ, కంటి చివర కనిపించిన బూడిదరంగు ఆకారానికీ అదే కారణమై ఉంటుందనీ 1998లో ఒక పేపరు రాశారు. ఈ కథ ఇంటర్నెట్‌లో అందరికీ నోటికొచ్చు. అంతగా నోటికి రానిది దాని తర్వాతి భాగం. లండన్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్ ఫ్రెంచ్ బృందం ఖాళీ గది ఒకటి కట్టి, అందులో ఈ ఇన్‌ఫ్రాసౌండ్‌నీ, విద్యుదయస్కాంత క్షేత్రాలనీ రహస్యంగా ఆన్, ఆఫ్ చేస్తూ 79 మందిని లోపలికి పంపింది. ఫలితాలు 2009లో అచ్చయ్యాయి. చాలామందికి వింత అనుభవాలు కలిగాయి. కానీ ఆ క్షేత్రాలు ఆన్‌లో ఉన్నాయా, ఆఫ్‌లో ఉన్నాయా అన్నదానితో వాటికి సంబంధమే లేదు. ఇక్కడ మీకు ఏదో ఒకటి అనిపించవచ్చు అని ముందే చెప్పి పంపడమే సరిపోయింది. మన ఊళ్లలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న రోజుల్లో ఏ మీటరూ లేదు, ఏ యాప్ లేదు. మాట చాలు.

మొదట మోగాల్సిన అలారం

కార్బన్ మోనాక్సైడ్ అలారం ఎందుకన్నానో ఇప్పుడు. 1921లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఆఫ్తాల్మాలజీలో విల్మర్ అనే కంటి డాక్టరు ఒక కుటుంబం గురించి రాశారు. ఇంట్లో అడుగుల చప్పుళ్లు, కనపడని మనుషులు, తలనొప్పులు, పిల్లలు పాలిపోవడం. కారణం పాడైన ఫర్నేస్ నుంచి ఇంట్లోకి వచ్చిన పొగలోని కార్బన్ మోనాక్సైడ్. మనకి ఫర్నేసులు లేవు కదా అనుకోకండి. మనకి బాత్రూముల్లో గ్యాస్ గీజర్లున్నాయి.

సిటీలోనే ఒక అద్దె ఫ్లాట్. బాత్రూంలోకి వెళ్తే ఎవరో మెడ పట్టుకున్నట్టుంటుందని, కళ్లు తిరుగుతాయని, అదీ చలికాలంలోనే అని చెప్పారు. అంతకుముందు ఉన్నవాళ్లు కూడా అదే చెప్పి ఖాళీ చేశారట. మా నర్స్ ఫ్రెండ్ ఫోన్లోనే అడిగిన మొదటి ప్రశ్న: "గీజర్ కరెంటుదా, గ్యాస్‌దా?" గ్యాస్‌ది. బాత్రూం లోపలే ఉంది. వెంటిలేటర్‌కి చలి రాకుండా అట్ట అడ్డం పెట్టారు. మేం వచ్చేదాకా దాన్ని వెలిగించొద్దని ఆమె గట్టిగా చెప్పింది. వెళ్లాక అలారం లోపల పెట్టి, గీజర్ వెలిగించి, తలుపేసి బయటే నిలబడ్డాం. మీరు ఇది ట్రై చేయొద్దు, మేమూ కిటికీలన్నీ తెరిచి, గ్యాస్ మెకానిక్‌ని పక్కన పెట్టుకునే చేశాం. అలారం మోగడానికి ఎంతోసేపు పట్టలేదు.

కొనేటప్పుడు ఒక్క విషయం చూసుకోండి. మార్కెట్లో ‘గ్యాస్ అలారం’ అని దొరికేవాటిలో చాలా వరకు ఎల్‌పీజీ లీకేజీ కోసం. అవి కార్బన్ మోనాక్సైడ్‌ని పట్టవు. ఎలక్ట్రోకెమికల్ సెన్సార్ ఉన్నది, ఈఎన్ 50291 ప్రమాణానికి సరిపోయేది తీసుకోండి. ఆ ప్రమాణం ప్రకారం గాలిలో 50 పీపీఎం ఉంటే అలారం 60 నుంచి 90 నిమిషాల్లో మోగాలి, 100 ఉంటే 10 నుంచి 40 నిమిషాల్లో, 300 ఉంటే మూడు నిమిషాల్లోపు. ఈ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. దెయ్యానికి మనం చెప్పుకునే లక్షణాలన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఇది నిజంగా చంపుతుంది.

"ఆ మీటర్ వదినె దగ్గర పెట్టి చూడరాదే"

వరంగల్ వైపు ఒక ఊళ్లో ఇల్లు. వాళ్లని అడిగే రాస్తున్నా, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. కొత్తగా కట్టిన డాబా, త్రీ ఫేజ్ కనెక్షన్. కోడలు ఆ ఇంటికొచ్చి ఏడాది. ఆమె వచ్చినప్పటి నుంచే హాల్లో లైట్లు ఊగుతున్నాయని, నెలకి రెండు మూడు బల్బులు మాడిపోతున్నాయని అత్తగారు చెప్పింది. "ఈ పిల్ల వంటింట్లకు పోతే చాలు బిడ్డా, ఈడ లైటు ఒక్కసారి భగ్గుమని మండుతది. మల్ల తగ్గుతది." ఊళ్లో అప్పటికే ఒక మాట పుట్టింది. ఆ మాట ఏంటో మీకు చెప్పక్కర్లేదు. చేతబడి, బాణామతి అనే అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన వార్తలు మన పేపర్ల జిల్లా పేజీల్లో ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. మహారాష్ట్రలో నరేంద్ర దాభోల్కర్ ఇలాంటివాటి మీద చట్టం కోసం ఏళ్ల తరబడి పోరాడితే, 2013 ఆగస్టులో ఆయన్ని కాల్చి చంపాకే ఆ ఆర్డినెన్స్ వచ్చింది.

మేం బ్యాగ్ దించగానే ఆమె మరిది, ఇంటర్ చదివే కుర్రాడు, యూట్యూబ్‌లో అన్నీ చూసేసినవాడు, అడిగాడు: "అన్నా, ఆ మీటర్ వదినె దగ్గర పెట్టి చూడరాదే?" గుమ్మం దగ్గర చుట్టుపక్కలవాళ్లు పది మంది నిలబడి ఉన్నారు. ఆ అమ్మాయి ఫ్రిజ్ పక్కన నిలబడి ఉంది. మా నర్స్ ఫ్రెండ్ ఏమీ అనకుండా బ్యాగ్ జిప్ వేసేసింది.

ఫ్రిజ్ కంప్రెసర్ పక్కన కే2 వెలుగుతుందని నాకు తెలుసు, మీకూ ఇప్పుడు తెలుసు. ఆ గుమ్మంలో నిలబడ్డవాళ్లకి మాత్రం ఎర్ర లైటుకి అర్థం 20 మిల్లీగాస్ కాదు. ఆ రోజు తర్వాత కే2 మా బ్యాగులోకి మళ్లీ ఎక్కలేదు.

మా డిప్లొమా వాడు దెయ్యం సంగతి ఎత్తనే లేదు. "వంటింట్లో ఏమేం ఉన్నయి పెద్దమ్మా?" అని అడిగాడు. ఇండక్షన్ స్టవ్, గ్రైండర్. రెండూ పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టినవి. వాడు హాల్లో సాకెట్‌కి మల్టీమీటర్ పెట్టి, ఆ కుర్రాణ్ని రీడింగ్ గట్టిగా చదవమన్నాడు. 230 దగ్గర ఉంది. తర్వాత అత్తగారినే వంటింట్లోకి వెళ్లి స్టవ్ ఆన్ చేయమన్నాడు. కోడల్ని కాదు. ఆవిడ ఆన్ చేసింది. హాల్లో లైటు భగ్గుమంది. మీటర్ 260 దాటింది. వంటింట్లో పెట్టిన రెండో మీటర్ 200 కిందికి పడింది.

న్యూట్రల్ వైరు లూజ్. త్రీ ఫేజ్ ఇంట్లో హాలు ఒక ఫేజ్ మీద, వంటిల్లు ఇంకో ఫేజ్ మీద ఉంటాయి. అన్నిటికీ తిరిగొచ్చే దారి ఆ ఒక్క న్యూట్రలే. అది సరిగ్గా బిగించి లేకపోతే, వంటింట్లో పెద్ద లోడ్ పడినప్పుడు అక్కడ వోల్టేజ్ తగ్గి, లోడ్ లేని హాల్లో పెరుగుతుంది. బల్బులు మాడిపోయేది అందుకే. ఎలక్ట్రీషియన్ని పిలిపించి మెయిన్ బోర్డు తెరిపిస్తే న్యూట్రల్ బోల్టు దగ్గర నల్లగా మాడిపోయి ఉంది. ఇంకొన్నాళ్లు అలాగే వదిలేస్తే ఇల్లే అంటుకునేది.

గమనించండి, అత్తగారు చెప్పిన ప్రతి మాటా నిజం. కోడలు వచ్చాకే మొదలైంది, ఎందుకంటే స్టవ్ ఆమెతోనే వచ్చింది. ఆమె వంటింట్లోకి వెళ్తేనే జరుగుతోంది, ఎందుకంటే వంట ఆమే చేస్తోంది. సాక్షి చూసింది సరిగ్గానే చూసింది. అందుకే పిలిచినవాళ్లని వెక్కిరించే ‘డీబంకింగ్’ వీడియోలంటే నాకు దెయ్యం వీడియోల మీద ఉన్నంత చిరాకూ ఉంది. పెద్దావిడ ఆ తర్వాత ఎవరూ అడగకుండానే మూడుసార్లు వెళ్లి స్టవ్ ఆన్ చేసి, ఆఫ్ చేసి వచ్చింది. ఏమీ మాట్లాడలేదు.

మేం కారెక్కుతుంటే ఆ అమ్మాయి గేటు దాకా వచ్చి మా నర్స్ ఫ్రెండ్‌ని అడిగింది: "అక్కా, ఇదంతా కాయితం మీద రాసిస్తరా?"

అప్పటి నుంచి ప్రతి ఇంటికీ తెలుగులో, ఒక పేజీ, సంతకాలతో రిపోర్ట్ ఇస్తున్నాం. ఏం కొలిచాం, ఏ టైముకి, ఏం దొరికింది. ఎలక్ట్రీషియన్ వస్తే ఆయన సంతకం కూడా. మా పనిలో ఇంతకంటే విలువైన అవుట్‌పుట్ ఇంకోటి లేదు.

ఆ వీడియో? తీయలేదు. ఒక అమ్మాయి వంటింట్లోకి నడుస్తుంటే హాల్లో లైటు భగ్గుమనే పదిహేను సెకన్ల క్లిప్‌కి ఎన్ని వ్యూస్ వస్తాయో నాకు తెలుసు. చివర్లో న్యూట్రల్ బోల్టు చూపించినా సరే, కత్తిరించుకుని పంచుకునేవాళ్లు మొదటి పదిహేను సెకన్లే పంచుకుంటారు. గ్రూప్ పెట్టేవాళ్లకి నా గట్టి సలహా: యూట్యూబ్ ఛానెల్‌తో మొదలుపెట్టకండి. ఛానెల్ ఉంటే వారానికో దెయ్యం కావాలి. రిపోర్ట్ కోసం తీసే ఫోటోల్లో కూడా కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపేయండి, లేకపోతే ఆ ఇంటి అడ్రస్ ఫోటోతో పాటే ఊరేగుతుంది. ‘దెయ్యాల ఇల్లు’ అని పేరు పడ్డ ఇంటికి అద్దెకి ఎవరూ రారు.

పాడుబడ్డ బంగళాల్లోకి రాత్రిపూట గోడ దూకి వెళ్లే బ్యాచ్‌కి రెండు ముక్కలు. యజమాని అనుమతి లేకుండా అలా చొరబడటం భారతీయ న్యాయ సంహిత 329 కింద నేరం. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు సాధారణంగా సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకానే తెరిచి ఉంటాయి. రాజస్థాన్‌లో భాన్‌గఢ్ కోట దగ్గర రాత్రి ప్రవేశం లేదని ఉన్న బోర్డుని దెయ్యానికి సర్కారు ఇచ్చిన సర్టిఫికెట్‌లా ఫార్వర్డ్ చేస్తుంటారు, అంత సీన్ లేదు. ఇక అసలు సంగతి, కట్లపాము తిరిగేది రాత్రిళ్లే. కాటు నొప్పి కూడా పెద్దగా తెలియదు. తలకి టార్చ్, కాలికి బూట్లు, దగ్గర్లో విరుగుడు ఇంజెక్షన్ ఉండే ఆసుపత్రి ఎక్కడో ముందే చూసుకోవడం. ఇవి లేకుండా రెండు లెన్సుల థర్మల్ కెమెరా పట్టుకెళ్లేవాణ్ని చూస్తే నాకు నవ్వు రాదు.

అన్నిటికీ కారణం దొరికిందా అంటే, లేదు. నల్లగొండ వైపు ఒక పెంకుటింట్లో రాత్రి రెండున్నర, మూడు మధ్య మంచం ఈడ్చినట్టు చప్పుడు. మూడు రాత్రుల్లో రెండుసార్లు మా మైకుల్లో పడింది. అదే టైములో నేల మీద పెట్టిన ఫోన్ యాక్సిలరోమీటర్ గీత కదల్లేదు. పిల్లులు కాదు, మోటారు కాదు, పక్కిల్లు ఖాళీ. రిపోర్టులో ‘తెలియలేదు’ అని రాశాం. ఇంటాయన ఆ మాట చూసి చాలాసేపు వాదించాడు. ఏదో ఒకటి రాయండి, ఉందనైనా, లేదనైనా. మేం మార్చలేదు. ఎండలకి పెంకుల కింద దూలాలు సాగి, రాత్రి చల్లబడ్డాక సర్దుకుంటున్నాయేమో అని మా డిప్లొమా వాడి అనుమానం. అందుకే వానలు పడి చల్లబడ్డాక మళ్లీ వెళ్తున్నాం. ఈసారి దూలానికి కూడా ఒక ఫోన్ కట్టాలి. డిస్‌ప్లే పగిలినా పర్వాలేదు, సెన్సార్లు పనిచేస్తే చాలు. అలాంటి పాత ఫోన్ కోసమే ఇప్పుడు వెతుకుతున్నా.